ఇరుగుపొరుగు గుడారం

ట్రెమే, న్యూ ఆర్లియన్స్
14 నవంబరు 2009

యులాలీ అక్కకి,

ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరం రాయి అన్నావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పేసరికి నువ్వు అడ్డు తగులుతావు కాబట్టి, ఇదే నయం. కూర్చుని చదువు. లేచి నిలబడితే పడిపోతావు.

నదివంపు జాజ్ ఉత్సవం వాళ్ళు నన్ను పిలిచారు. మామూలుగా పిలవలేదు, ఇంటికొచ్చి పిలిచారు. మంగళవారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని ట్రాంబోన్ ఊదుతున్నాను. ఎవరో తెల్లావిడ వచ్చి అరగంట నిలబడింది. దారి తప్పిందేమో అనుకున్నాను. నేను ఆపగానే, "మిస్టర్ డూసెట్, మీరు వాయిస్తుంటే ఎదురింటావిడ వంటింట్లోంచి గిన్నె మీద తాళం వేశారు. అటు పోతున్న పోస్టుమాన్ ఈల కలిపాడు. మీరు వెంటనే పాట మార్చి వాళ్ళ వెనక వెళ్ళారు. ఇదంతా ముందే అనుకున్నారా?" అంది.

"అనుకోవడానికేముందమ్మా, ఆర్టెన్స్ ఎప్పుడు వండుతుందో నాకేం తెలుసు?" అన్నాను.

"మాకు కావలసింది ఇదే," అంది. పేరు మిస్ కార్లైల్. ఏప్రిల్ ఆఖర్లో మన పక్క పార్కులోనే ఉత్సవం మొదలు. అందులో ఒక గుడారం పూర్తిగా నాది. పేరు 'ఇరుగుపొరుగు గుడారం'. మన వీధి వాళ్ళు ఓ పాతికమంది, వచ్చిన జనం, అందరూ కలిసి అప్పటికప్పుడు ఆశువుగా పాట అల్లాలి. నడిపించేది నేను. గుడారం మీద నా పేరు రాస్తారట.

అక్కా, నాకు యాభై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళుగా పెళ్ళికీ చావుకీ రోడ్డు మీద వాయించాను. నీడలో నిలబడి వాయించమని ఎవరూ అనలేదు ఇంతవరకూ.

నువ్వు రావాలి. వచ్చి పాడాలి.

నీ తమ్ముడు
ఆల్సీడ్


హ్యూస్టన్
2 డిసెంబరు 2009

ఒరేయ్ ఆల్సీడ్,

కూర్చునే చదివాను. పడలేదు. కానీ నవ్వాను. పక్క ఫ్లాటులో మెక్సికన్ ముసలాయన గోడ కొట్టాడు. ఇక్కడ నవ్వినా గోడ కొడతారు. ఈ బిల్డింగులో నాలుగేళ్ళుగా ఉంటున్నాను, ఒక్క గుమ్మం ముందు మెట్లు లేవు. కూర్చోవాలంటే కారు కావాలి.

నీకు గుడారం ఇచ్చినందుకు సంతోషం. నిజంగానే. అమ్మ ఉంటే వీధంతా చెప్పుకుని తిరిగేది. కానీ ఒకటి అడుగుతాను, కోప్పడకు. వరదలో మన వీధి మునిగినప్పుడు ఈ పార్కు వాళ్ళు ఎక్కడున్నారు? మన పాట వాళ్ళకి ఇప్పుడే ఎందుకు వినబడింది? ఆ వీధిలో కొత్తగా ఇళ్ళు కొన్నవాళ్ళు డ్రమ్ము మోగితే పోలీసులకి ఫోన్ చేస్తున్నారని అనటోల్ పెళ్ళాం క్లోటిల్డ్ చెప్పింది. వాళ్ళే కదా టిక్కెట్టు కొని నీ గుడారంలో కూర్చునేది? బయట మోగితే గోల, లోపల మోగితే కళ.

సరేలే, నా నోరు నీకు తెలిసిందే. అనటోల్‌ని తీసుకెళ్ళు. వాడి పెద్ద డ్రమ్ము లేకపోతే నీ ట్రాంబోన్ పిలక లేని కొబ్బరికాయ. వాడు తన్నకపోతే నువ్వు కదలవు, చిన్నప్పట్నుంచీ అంతే.

పాడటం సంగతి తర్వాత చూద్దాం. గొంతు ఇక్కడి ఏసీకి బొంగురుపోయింది.

యులాలీ


ట్రెమే
19 ఫిబ్రవరి 2010

అక్కకి,

ఆలస్యమైంది. క్షమించు. గురువారం గురువారం చర్చి హాల్లో అందరం కలుస్తున్నాం. ఇరవై రెండుమంది వస్తున్నారు. మొదటివారం ఒక్కరూ నోరు విప్పలేదు. "మాకు సంగీతం రాదు కదా ఆల్సీడ్," అంటారు. పెళ్ళిళ్ళలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాడేవాళ్ళే!

నేను ఆర్టెన్స్‌ని అడిగాను: "పొద్దున్న ఏం జరిగింది నీకు?"

"ఏముంది, బస్సు తప్పిపోయింది."

"అది గిన్నె మీద వాయించు."

పగలబడి నవ్వింది. తర్వాత వాయించింది. ముందు పరుగు, తర్వాత చెయ్యి ఊపడం, బస్సు ఆగకుండా పోవడం, చివర్న ఆవిడ డ్రైవర్ని తిట్టిన తిట్టు. ఆ తిట్టు తాళంలోనే తెలిసిపోయింది, ఫాదర్ ముఖం తిప్పుకున్నాడు. నేను వెనకాలే ట్రాంబోన్‌తో బస్సునయ్యాను. అక్కడితో హాలంతా తెరుచుకుంది.

పోయిన వారం పోస్టుమాన్ లియాండర్ వంతు వచ్చింది. "నాకేం జరగలేదు," అన్నాడు. ఈల కూడా వెయ్యలేదు. కళ్ళు మూసుకుని సన్నగా ఒకే స్వరం మూలిగాడు. దాన్నే కొంచెం పైకి, ఇంకొంచెం పైకి తీసుకెళ్ళాడు. నాకు ముందు అర్థం కాలేదు. ఆర్టెన్స్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది నీళ్ళు అక్కా. వాళ్ళింట్లో నీళ్ళు ఎక్కడం. మోకాలు, నడుము, ఛాతీ. వాళ్ళమ్మ ఆ ఇంట్లోనే పోయింది కదా. ఆ స్వరం ఇక పైకి పోలేని చోటికి చేరి విరిగింది. నేను వాయించలేదు. ఎవరూ వాయించలేదు. ఎవరు మొదలెట్టారో తెలీదు, అందరూ కింది స్వరంలో మూలగడం మొదలెట్టారు, వాడు దిగిరావడానికి నిచ్చెన వేసినట్టు. వాడు దిగొచ్చాడు.

ఐదేళ్ళలో లియాండర్ ఆ మాట ఎత్తడం అదే మొదలట.

మిస్ కార్లైల్ ఏడ్చింది. అంతా రికార్డు చేసుకుంది.

అనటోల్ రావడంలేదు. ఏదో పంతం. వాడి సంగతి తెలుసుగా.

నీ
ఆల్సీడ్


హ్యూస్టన్
8 మార్చి 2010

తమ్ముడూ,

లియాండర్ గురించి నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. నీలో ఉన్న మంచి అంతా ఆ కాగితం మీద ఉంది. దాచుకున్నాను.

కానీ "ఏదో పంతం" అని ఒక్క ముక్కలో దాటేశావేంటి? నీకూ అనటోల్‌కీ యాభై ఏళ్ళ స్నేహం. నీకు పళ్ళు ఊడి రెండేళ్ళు ఊదలేకపోతే, బ్యాండు ముందు వరసలో నీ చోటు వేరేవాడికి ఇవ్వనివ్వలేదు వాడు. అలాంటివాడు చర్చి హాలు దాకా నాలుగు ఇళ్ళు నడిచి రాలేదంటే పంతం కాదు.

ఏం జరిగింది? నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే నువ్వే చెప్పు. వేరేవాళ్ళ నోట వినాలని నాకు లేదు.

యులాలీ


ట్రెమే
6 ఏప్రిల్ 2010

అక్కకి,

ఏమీ జరగలేదు. పనుల్లో ఉన్నాను. మాటా మాటా అనుకున్నాం, అంతే. మగవాళ్ళం, సర్దుకుంటాం.

ఇక్కడ అంతా సిద్ధం. మనవాళ్ళకి నీలం పట్టీలు ఇచ్చారు, చేతికి కట్టుకుంటే మా గుడారంలోకి రావచ్చు. మిగతా గుడారాలకి చెల్లవట. భద్రత కోసమే కదా. ఆర్టెన్స్ కొత్త గౌను కుట్టించుకుంది, ఊదారంగుది. మిస్ కార్లైల్ చూసి, "ఇంట్లో వేసుకునే ఏప్రన్‌తోనే రండి, ఆ మసిబట్టిన గిన్నే తెండి, సహజంగా ఉంటుంది," అంది. ఆర్టెన్స్ కాస్త ముడుచుకుంది. నేను సర్దిచెప్పాను. వేదిక మీద ఏది బాగుంటుందో వాళ్ళకి తెలుస్తుంది.

నువ్వు వస్తున్నావా లేదా? మే ఒకటి, శనివారం, మధ్యాహ్నం పన్నెండింటికి.

ఆల్సీడ్


ట్రెమే
2 మే 2010

అక్కకి,

ముందు చెడ్డకబురు. అనటోల్ పోయాడు. సోమవారం పొద్దున్న ఎర్ర చిక్కుడు గింజలు నానబోసి, క్లోటిల్డ్ వదినని కాఫీ అడిగి, ఆవిడ తెచ్చేలోపే. గుండె. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

నిన్ననే ఖననం. పదకొండున్నరకి చర్చి నుంచి ఊరేగింపు. నా గుడారం పన్నెండింటికి. నేనేం చెయ్యను? ఒప్పందం రాసిచ్చాను. నాలుగు నెలలు పనిచేసిన ఇరవై రెండుమంది ఉన్నారు. వాళ్ళలోనూ తొమ్మిదిమంది ఊరేగింపుకి వెళ్ళిపోయారు, ఆర్టెన్స్, లియాండర్‌తో సహా. నేను వెళ్ళలేదు. కానీ విను, అక్కా, నేను వాడికి ఏం చేశానో విను.

గుడారంలో రెండువేలమంది. నేను మైకు ముందుకెళ్ళి, "నా స్నేహితుడు పోయాడు, ఇవాళే సాగనంపుతున్నారు, మీరంతా కలిసి సాగనంపండి," అన్నాను. వాడి పేరుని మూడు ముక్కలు చేసి ఒక వైపు వాళ్ళకి 'అ', మధ్య వాళ్ళకి 'న', ఇటు వాళ్ళకి 'టోల్' ఇచ్చాను. 'టోల్' దగ్గర అందరూ కాలు నేలకేసి కొట్టాలి. అక్కా, రెండువేల కాళ్ళు! వాడి డ్రమ్ములాగే. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, వాణ్ణి ఎప్పుడూ చూడనివాళ్ళు, వాడి పేరు పాడుతూ ఏడ్చారు. నేను దాని మీద ఊదాను. నా జన్మలో అలా ఊదలేదు. ఒకావిడ వచ్చి నా చెయ్యి ముద్దుపెట్టుకుంది.

ఏ రాజునీ అలా సాగనంపి ఉండరు. వాడు విన్నాడనే నా నమ్మకం.

నువ్వు రాలేదు. ఆ ఒక్కటే లోటు.

ఆల్సీడ్


హ్యూస్టన్
9 మే 2010

ఆల్సీడ్,

నేను వచ్చాను.

క్లోటిల్డ్ ఫోన్ చేస్తే శుక్రవారం బస్సెక్కాను. ఆవిడ ఇంట్లోనే దిగాను. ఖననం అయ్యాక నీ ఇంటికి వద్దామనుకున్నాను. ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఎందుకంటే నీతో ఎవరూ మాట్లాడటంలేదు, అది నువ్వు రాయలేదు. నేను చెబుతాను.

చర్చి ముందు బ్యాండు నిలబడింది. ముందు వరసలో ట్రాంబోన్ చోటు ఖాళీగా ఉంచారు. క్లోటిల్డే ఉంచమంది. "వస్తాడు. కొట్టుకున్నా తిట్టుకున్నా వస్తాడు," అంది. పావుగంట ఆగాం. పెట్టెని బండిలో పెట్టి కదిలాం. నెమ్మది పాట. నేను క్లోటిల్డ్ చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. రెండు వీధులు దాటామో లేదో రెండు పోలీసు కార్లు అడ్డం వచ్చాయి. కొత్తిళ్ళ వాళ్ళెవరో ఫోన్ చేశారు.

"అనుమతి ఏది?" అన్నాడు ఒకడు. కుర్రవాడు, ఊరికి కొత్త.

"శవం నాయనా, కనబడ్డంలేదా?" అంది ఆర్టెన్స్.

"కొత్త నియమం. ఐదుగురికి మించి రోడ్డు మీద వాయించాలంటే పదిరోజుల ముందు అనుమతి తీసుకోవాలి."

లియాండర్ అతని ముందుకి వెళ్ళి ఈల వెయ్యడం మొదలెట్టాడు. ఆగిన పాటనే, ఆగినచోట నుంచి. వాడి చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. అనటోల్ పెద్ద డ్రమ్ముని, వాడి మేనల్లుడు మోస్తున్నదాన్ని, లాక్కుని కారు డిక్కీలో పెట్టారు. అది పట్టక మూత తెరిచే కట్టారు.

అక్కణ్ణుంచి శ్మశానం దాకా నోరెత్తకుండా నడిచాం. మన ఊళ్ళో ఒక డ్రమ్ము మనిషి శవం చప్పుడు లేకుండా పోయింది. పెట్టెని వదిలిపెట్టేటప్పుడు ఏడుపు పాట ఆపి హుషారు పాట ఎత్తుకుని ఆడాలి కదా, ఆ గంతు లేదు, గొడుగు లేదు, రుమాలు ఎగరలేదు. బండి చక్రాల కిర్రు వినబడింది. ఇంకోటి కూడా వినబడింది. పార్కు కంచె అవతల నుంచి రెండువేల కాళ్ళ చప్పుడు. ఏం పాట పాడుతున్నారో ఆ దూరానికి తెలియలేదు. నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

ఆ కుర్రపోలీసు క్లోటిల్డ్‌కి ఒక కాగితం చూపించాడు. "ఈ నియమం మేం పెట్టింది కాదమ్మా, మీ పేటవాళ్ళే అడిగారు, చూడండి," అన్నాడు. పాపం జాలిపడే చూపించాడు. కింద పదకొండు సంతకాలు. మొదటిది నీది. పక్కన 'సంగీతకారుడు' అని రాసి ఉంది.

క్లోటిల్డ్‌కి అది ముందే తెలుసు. నాకూ తెలుసు. ఫిబ్రవరిలోనే అనటోల్ నాకు రాశాడు. "వాడే నీకు చెబుతాడు, చూడు, నువ్వు ముందు అడక్కు," అని కూడా రాశాడు. నేను మార్చిలో అడిగాను. నువ్వు తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నావు.

అనటోల్ విన్నాడని రాశావు. వాడి చెవులు ఆ పెట్టెలో ఉన్నాయి. వాడి పక్కనే నేనున్నాను. ఏం విన్నాడో నాకు తెలుసు.

యులాలీ


ట్రెమే
11 జూన్ 2010

అక్కకి,

నెల రోజుల్లో ఏడు ఉత్తరాలు మొదలెట్టి చింపేశాను.

చదవకుండా సంతకం పెట్టానని ఇక్కడ అందరికీ చెప్పాను. ఫాదర్‌కి కూడా. నీకు అబద్ధం రాయలేను. చదివాను. రెండుసార్లు.

జనవరిలో ఉత్సవం ఆఫీసులో పెట్టించారు. మిస్ కార్లైల్, ఆ కొత్త నివాసుల సంఘం పెద్దమనిషి, నేను. కాఫీ, పెకాన్ మిఠాయి పెట్టారు. "రోడ్ల మీద క్రమం ఉంటే సంగీతానికే గౌరవం. మీలాంటి పెద్ద కళాకారుడి పేరు మొదట ఉంటే బాగుంటుంది," అన్నాడు. పెద్ద కళాకారుడు అన్నాడక్కా. ఈ సంతకం పెట్టకపోతే గుడారం ఇచ్చేది లేదని ఎవరూ అనలేదు. అంటే తిట్టి వచ్చేవాణ్ణేమో. అనలేదు కాబట్టే పెట్టాను. మనవాళ్ళ ఊరేగింపుని ఎవడు ఆపుతాడులే, ఇదంతా ఆ మూలన చెత్తడబ్బాలు కొట్టే కుర్రగుంపుల కోసం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, వాళ్ళని ఆపితే మంచిదే అనుకున్నాను.

అనటోల్ తర్వాతి వారం మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు, మెట్ల కింద నిలబడ్డాడు.

"పేరు కొట్టేయించుకో ఆల్సీడ్."

"అనుమతి తీసుకుని వాయించుకోండి, ఎవరు కాదన్నారు?"

"పది రోజుల ముందా? చచ్చేవాడు పది రోజుల ముందు చెప్పి చస్తాడట్రా?"

"నువ్వు చేసేది చప్పుడు, నేను చేసేది సంగీతం. రెండిటికీ తేడా తెలిసినవాళ్ళు ఇన్నాళ్ళకి నా గుమ్మంలోకి వచ్చారు, నీకు కడుపుమంట," అన్నాను.

వాడు తిట్టలేదు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే," అన్నాడు. అదే మా ఆఖరి మాట.

ఆ శనివారం నేను ఒప్పందానికి భయపడి గుడారానికి వెళ్ళానని రాశాను. అదీ నిజం కాదు. మిస్ కార్లైల్ తనే చెప్పింది, "వెళ్ళండి, మేం సర్దుకుంటాం," అని. ఆ బ్యాండు వాళ్ళ ముఖాలు చూడలేక వెళ్ళలేదు.

క్లోటిల్డ్ వదిన గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళాను. తలుపు తియ్యలేదు. నువ్వు ఒక్కమాట చెబితే తీస్తుంది.

ఆల్సీడ్


హ్యూస్టన్
27 జూన్ 2010

ఆల్సీడ్,

నిజం రాశావు. ఆలస్యంగా రాసినా నిజమే. ఆ కాగితాన్ని కూడా దాచుకున్నాను, లియాండర్ గురించి నువ్వు రాసిన ఉత్తరం పక్కనే. రెండూ రాసింది ఒకే మనిషి అని నన్ను నేను నమ్మించుకోవడానికి.

క్లోటిల్డ్‌కి నేనేమీ చెప్పను. ఆవిడ తలుపు ఆవిడ ఇష్టం.

అరవై మూడేళ్ళొచ్చాయి నాకు. చక్కెర, రక్తపోటు. నేను పోయాక నన్ను మన ఊరికి తేవాలని ఇన్నాళ్ళూ నీకు చెబుతూ వచ్చాను కదా. ఇంకా తేవాలనే ఉంది. అమ్మ పక్కనే పెట్టు. కానీ నా ముందు నువ్వు నడవొద్దు. ట్రాంబోన్ ముట్టుకోవద్దు. మిగతావాళ్ళు వాయిస్తే వాయిస్తారు, అనుమతి దొరికితే.

ఇది కోపంలో రాసింది కాదు. వారం ఆగి రాశాను.

యులాలీ


ట్రెమే
22 ఆగస్టు 2010

అక్కకి,

నీ షరతు చదివాను. అలాగే.

పోయిన ఆదివారం అనటోల్ కోసం మళ్ళీ ఊరేగింపు తీశారు, పెట్టె లేకుండా. అనుమతి అడగలేదు. ట్రెమే అంతా వచ్చింది, నది అవతలి బ్యాండ్లు కూడా వచ్చాయి. పోలీసులు మూలన కార్లలో కూర్చుని చూశారు, దిగలేదు. అంతమందిని ఎక్కడ పెడతారు? లియాండర్ మీద కేసు ఇంకా నడుస్తోంది. ఆ నియమం కూడా ఇంకా ఉంది. నేను నగరసభ ఆఫీసుకి వెళ్ళి నా సంతకం వెనక్కి తీసుకుంటానని చెప్పాను. అక్కడి గుమాస్తా, "నియమం అయిపోయాక సంతకంతో పనిలేదండీ, ఉంచినా ఒకటే తీసినా ఒకటే," అంది.

ఊరేగింపు మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది. నేను పొద్దున్నే ట్రాంబోన్ తుడిచి, తెల్లచొక్కా వేసుకుని మెట్ల మీద నిలబడ్డాను. పిలిస్తే దిగుదామని. మన పద్ధతిలో ఎవరూ ఎవర్నీ పిలవరు, పాటలో సందు చూసుకుని కలవడమే. అన్నీ తెలిసే పిలుపు కోసం నిలబడ్డాను. సందులు చాలా వచ్చాయి. ఒక చోట పాట మలుపు తిరిగి ట్రాంబోన్ కోసం నోరు తెరుచుకున్నట్టు ఆగింది. నేను పెదవుల దాకా ఎత్తాను.

క్లోటిల్డ్ వదిన వరసలోంచి బయటికొచ్చి మెట్ల దగ్గర ఆగింది. బాగా చిక్కిపోయింది. "వద్దు ఆల్సీడ్. ఇవాళ్టికి మాకు వదిలెయ్," అంది. కోపంగా కాదు. పొయ్యి దగ్గరికొస్తున్న పిల్లాడితో చెప్పినట్టు. నేను దించేశాను. ఆవిడ మళ్ళీ వెళ్ళి కలిసింది. ఆ సందుని ఎవరో క్లారినెట్ పిల్ల పూడ్చింది. బాగా వాయించింది.

ఇంకొకటి చెప్పాలి. ఎవరో చెబితే వినేబదులు నేనే చెబుతున్నాను. వచ్చే ఏటికి కూడా గుడారం నాకే ఇచ్చారు. మనవాళ్ళు ఒక్కరూ రామన్నారు. పర్వాలేదట, కాలేజీ నుంచి పాతికమంది సంగీతం పిల్లల్ని తెస్తారట, వాళ్ళకి ఏప్రన్లూ గిన్నెలూ ఉత్సవం వాళ్ళే ఇస్తారట. గుడారం పేరు మార్చలేదు. ఒప్పుకున్నాను అక్కా. వాయించకుండా ఉండలేను, వాయించమని ఇంకెవరూ అనడంలేదు.

రిహార్సళ్ళు వచ్చే వారం నుంచి. పార్కు మా ఇంటికి నాలుగు వీధులే. అయినా మిస్ కార్లైల్ కారు పంపమంటారా అని అడిగింది. నడిచి వెళ్ళాలంటే అందరి గుమ్మాల ముందు నుంచీ వెళ్ళాలి. పంపమన్నాను.

నీ తమ్ముడు
ఆల్సీడ్